బిర్కత్ అల్ మౌజ్‌లో సుడిదోమ చుట్టం

ఒమాన్‌లో వరి పండదు. మస్కట్‌లో పదేళ్ళున్నా ఒక్క వరి మడి కంటబడదు. అలాగని ఇక్కడివాళ్ళు అన్నం మనకన్నా తక్కువ తింటారనుకుంటే పొరపాటే. విందులో వడ్డించే కబూలీ అయినా, ఈద్‌కి గోతిలో కాల్చిన షువా మాంసం కింద పళ్ళెం నిండా పరిచేదయినా బియ్యమే. అదంతా ఓడల మీద దిగినదే. రూవిలో మనం కొనే సోనా మసూరి బస్తా కూడా సముద్రం దాటి వచ్చినదే.

"వైద్యం గురించి చాలా రాశారు, ఈసారి ఏదైనా చూసిన ఊరి గురించి రాయండి డాక్టరుగారూ" అని మన పత్రిక సంపాదకులు పురమాయించారు. రాయబోయేది ఊరి గురించే. అయితే ఆ ఊళ్ళో నాకు ఎదురైంది కోటా కాదు, కొండా కాదు. ఒక చిన్న పురుగు. దాన్ని చూశాక వరి గురించి మాట్లాడకుండా ఉండలేకపోయాను. పాఠకులు ఈ కాస్త దారి మళ్ళింపుని మన్నిస్తారని నమ్మకం.

మొన్న ఏప్రిల్‌లో ఒక శుక్రవారం పొద్దున్నే రెండు కుటుంబాలం రెండు కార్లలో నిజ్వా దారి పట్టాం. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, ఫ్లాస్కులో కాఫీ, వెనక సీట్లో పిల్లల గోల. మన ప్రయాణాలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. ఫంజా దాటాక రోడ్డు సమాయిల్ కనుమలో పడుతుంది. రెండు పక్కలా గడ్డిపరక మొలవని కొండలు. కొన్ని నల్లగా, కొన్ని ముదురు ఆకుపచ్చగా, కాలిన ఇటుకల కుప్పల్లా ఉంటాయి. ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న రాయి పైకి లేచి ఈ కొండలయిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. వాటి మధ్య ఎక్కడ ఊరుంటే అక్కడ ఖర్జూరపు తోట, ఎక్కడ తోట ఉంటే అక్కడ నీళ్ళు.

ఇజ్కీ దాటి నిజ్వా చేరకముందే కుడిపక్కన బిర్కత్ అల్ మౌజ్ వస్తుంది. ఆ పేరుకి అరటిచెట్ల కొలను అని అర్థం. జబల్ అఖ్దర్ కొండ ఎక్కేవాళ్ళు ఇక్కడి నుంచే మలుపు తిరుగుతారు. చాలామంది ఆగకుండా పైకి వెళ్ళిపోతారు. దయచేసి ఆగండి. ఈ ఊరిని తడుపుతున్న ఫలజ్ అల్ ఖత్మీన్‌ని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒమాన్‌లో అలా ఎంపికైనవి ఐదు ఫలజ్‌లు. కొండ కింద భూమిలో ఊరే నీటిని సొరంగంలో, ఆ తరవాత కాలవలో, ఏ మోటారూ లేకుండా వాలు మీదే ఊళ్ళోకి తెచ్చే ఏర్పాటు అది. ఎవరి తోటకి ఎంతసేపు నీళ్ళు వదలాలో పగలు నీడని బట్టి, రాత్రి నక్షత్రాలని బట్టి లెక్కకట్టేవారు. మన చెరువుల కింద నీరుకట్టు చూసే నీరటికాడు గుర్తొచ్చాడు.

కాలవ గట్టున నడుస్తుంటే తోట మూడంతస్తుల మేడలా కనిపిస్తుంది. పై అంతస్తు ఖర్జూరం, నడుమ అరటీ నిమ్మా మామిడీ, నేలమీద పశువులకి వేసే పచ్చగడ్డి. ఖర్జూరం మన ఈతచెట్టుకి స్వయానా అన్న. రెండూ ఒకే జాతివి. తాటిలాగే దీనిలోనూ ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మనిషి చెట్టెక్కి మగపూత తెచ్చి ఆడగెలలో పెట్టి కడితేనే కాపు. మా చిన్నప్పుడు అంగట్లో దొరికే గట్టి ఎండు ఖర్జూరాలు గుర్తున్నాయా? ఇక్కడ మబ్సలీ అనే రకాన్ని పచ్చిగా ఉన్నప్పుడే కోసి, ఉడకబెట్టి, ఎండబెట్టి తరతరాలుగా మన దేశానికి ఎగుమతి చేశారు. పేరు తెలియకుండానే ఒమాన్‌తో మన బంధుత్వం పాతదన్నమాట.

తోటలో నీడ చూసి కార్లు పెట్టాం. అరగంటకి తిరిగొచ్చేసరికి అద్దం నిండా సన్నటి మెరిసే చుక్కలు. మా చిన్నది వేలితో తాకి "నాన్నా, జిగురు" అంది. పైకి చూస్తే మట్టల మీద కూడా అదే మెరుపు. కొన్ని మట్టలకి మసి పూసినట్టు నల్లటి పొర. నేల మీది అరటాకుల మీదా అదే తడి.

అక్కడ పనిచేస్తున్న ఒకాయన మా మాటలు విని దగ్గరికి వచ్చాడు. "తెలుగోళ్ళా సార్?" అన్నాడు. యాభై దాటి ఉంటాయి. నడుముకి చెట్టెక్కే తాడు. "ఏ ఊరన్నా మీది?" అంటే "జగిత్యాల దిక్కు సార్. వచ్చి పన్నెండేండ్లయింది" అన్నాడు. జిగురు గురించి అడిగితే ఒక మట్ట వంచి చూపించాడు. ఆకు మీద పచ్చగా, గోధుమగింజంత కూడా లేని పురుగులు. చెయ్యి దగ్గరికి పెట్టగానే చెంగున ఎగిరాయి. "దీన్ని దుబాస్ అంటరు సార్ ఈడ. రసం గుంజుతది, తేనె లెక్క కారుస్తది. మన దోమపోటు లేదా, గసొంటిదే" అన్నాడు.

ఆయన అన్నమాట అక్షరాలా నిజం. దుబాస్ పురుగూ, మన వరికి పట్టే సుడిదోమా ఒకే పెద్ద కుటుంబంలోవి. మనం దోమ అంటాంగానీ నిజానికి అది దోమ కాదు. మొక్క ఆహారనాళంలోకి సూదిలాంటి మూతి దించి రసం పీల్చి, మిగులు తీపిని బయటికి వదిలే పురుగు. అరబ్బీలో ఖర్జూరపు పాకాన్ని దిబ్స్ అంటారు. దుబాస్ పేరు ఆ పాకం నుంచే వచ్చింది. ఏడాదికి రెండు తరాలు, వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి. గుడ్లని ఆకు కణజాలంలోనే దాచిపెడుతుంది. చెట్లు ఒత్తుగా ఉండి గాలి ఆడని చోట దీనికి సుఖం ఎక్కువ. సుడిదోమకీ అంతే గదా! అందుకే మన రైతులు నాటులో కాలిబాటలు వదులుతారు. ఒమాన్ ప్రభుత్వం దుబాస్ మీద ఏళ్ళ తరబడి ఆకాశం నుంచి మందు చల్లిస్తూ వచ్చింది.

"మరి మీ ఊళ్ళో పొలం?" అని అడిగాను. "రెండెకరాలుండె సార్. ఒక ఏడు ఉల్లికోడు, ఇంకో ఏడు దోమపోటు. మందుల దుకాణంల బాకీ అయ్యింది. బాకీ తీర్సనీకి ఈడికొచ్చిన" అని నవ్వాడు. ఆ నవ్వు మీద నేను ఏమీ అనలేకపోయాను. గల్ఫ్‌కి మనవాళ్ళు రావడానికి వంద కారణాలు చెప్పుకుంటాం. అందులో ఆరుకాళ్ళ కారణం కూడా ఉంటుందని ఆ రోజే అనుకున్నాను.

ఉల్లికోడు అనగానే నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. మాది విజయనగరం జిల్లా. ఉల్లికోడు పురుగు మెత్తటి చిన్న ఈగ. పిల్లపురుగు వరి దుబ్బు లోపలికి పాకి మొవ్వు దగ్గర చేరుతుంది. దాంతో కంకి వెయ్యవలసిన పిలక ఉల్లికాడలా బోలు గొట్టమై లేస్తుంది. ఆ పిలకకి ఇక గింజ లేదు. 1970లలో ఈ పురుగుని తట్టుకునే సురేఖ, ఫల్గుణ అనే రకాలు వచ్చాయి. రెండింటికీ తల్లిదండ్రులు ఒకటే: దండిగా పండే ఐ.ఆర్. 8, థాయిలాండ్ నుంచి వచ్చిన సియాం 29. సియాం 29లోని ఒక్క జన్యువు చేసిన పని అది. ఆ జన్యువున్న మొక్కలో పురుగు చేరిన చోట కణాలు తమంతట తామే గోధుమరంగుకి తిరిగి చచ్చిపోతాయి, వాటితో పాటు పిల్లపురుగూ చస్తుంది. నలుగురిని కాపాడటానికి ఒకరు బలి అయినట్టు.

రైతులు సంతోషించారు. పక్కపక్క ఊళ్ళన్నీ అదే విత్తనం వేశాయి. 1986లో మా ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఫల్గుణ చేలలోనే ఉల్లికాడలు లేచాయి. నేను పుట్టకముందు సంగతి. "కోడు రాదన్న ఇత్తనానికే కోడొచ్చింది. ఏటి సేస్తాం, ఎవుల్ని అడుగుతాం" అని నాన్నగారు ఇప్పటికీ చెబుతారు. విత్తనం మారలేదు, మారింది పురుగు. శాస్త్రజ్ఞులు ఆ కొత్త పురుగుకి నాలుగో బయోటైపు అని పేరు పెట్టారు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. వరంగల్‌లో ఈశ్వరకోర అనే మన పాత నాటు రకాన్ని ఎం.టి.యు. 15తో సంకరం చేసి డబ్ల్యు. 1263 అనే రకం తయారుచేశారు. దానిలో ఉన్నది వేరే జన్యువు. కటక్ వైపు పురుగు డబ్ల్యు. 1263ని తినేస్తుంది, ఫల్గుణని ముట్టుకోలేదు. జగిత్యాల పురుగు ఫల్గుణని తింటుంది, డబ్ల్యు. 1263ని ముట్టుకోలేదు. మా శ్రీకాకుళం, విజయనగరం పురుగు రెంటినీ తింటుంది. బయటికి చూస్తే మూడూ ఒకే పురుగు. తేడా దాని జన్యువులో ఉంది. మొక్కకి తాళం ఉంటే పురుగుకి మారుతాళపుచెవి ఉందన్నమాట. ఆ తోటలో తాడు కట్టుకుని నిలబడ్డ మనిషిదీ, మా నాన్నగారిదీ ఒకే కథ అనుకున్నాను. ఒకే విత్తనమే అయినా ఇద్దరి పొలాల్లోనూ దాన్ని ఓడించింది ఒకే పురుగు కాదు.

సుడిదోమది కూడా ఇదే దారి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1973లో ఐ.ఆర్. 26 అనే దోమ నిరోధక రకాన్ని ఇచ్చింది. దానిలోని రక్షణ జన్యువు మన దేశపు ముడ్గో అనే నాటు రకం ద్వారా తెలిసినది. రెండు మూడేళ్ళలోనే దోమ దాన్ని దాటేసింది. 1976లో ఇంకో జన్యువుతో ఐ.ఆర్. 36 వచ్చింది. గురుదేవ్ ఖుష్ గారి నాయకత్వంలో తయారైన ఆ రకం ఇంకాస్త ఎక్కువకాలం నిలబడింది. సుడిదోమని తట్టుకునే జన్యువులు నేటికి ముప్పైకి పైగా, ఉల్లికోడుని తట్టుకునేవి పదికి పైగా గుర్తించారు. వాటిలో చాలా భాగం ఎవరో పేరు తెలియని రైతులు తరాలుగా వేసుకుంటూ వచ్చిన నాటు రకాల్లోవే.

ఈ జన్యువు మొక్కలో ఏం చేస్తుంది? వైద్యుణ్ణి గనక నాకు ఇది భలే ఆసక్తిగా అనిపించింది. దోమ మూతి దించగానే వరిమొక్క ఆహారనాళాల్లో క్యాలోజ్ అనే బంకని పేర్చి దారి మూసేస్తుంది. మన రక్తం గడ్డకట్టి గాయం మూసినట్టే. తట్టుకోలేని రకంలో కూడా మొక్క మూస్తుంది. కానీ దోమ ఆ మొక్కలోనే ఉన్న, బంకని కరిగించే జన్యువుల్ని మేల్కొలిపి దారి మళ్ళీ తెరిపించుకుంటుంది. ఇంటివాడి చేతే తలుపు తీయించే దొంగలాంటిది. తట్టుకునే రకంలో బంక కరగదు, దోమకి తిండి దొరకదు.

మరి వచ్చింది దోమ అని మొక్కకి ఎలా తెలుస్తుంది? 2009లో చైనాలోని వుహాన్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు బి.పి.హెచ్. 14 అనే జన్యువుని విడిగా బయటికి తీశారు. సుడిదోమని తట్టుకునే జన్యువుల్లో అలా చేతికి చిక్కిన మొదటిది అదే. అది తయారుచేసే ప్రోటీన్ ఒక కావలివాడు. ఆ కావలివాడు దేన్ని పట్టుకుంటాడో 2023లో తేలింది. దోమ లాలాజలంలోని ఒక ప్రోటీన్‌ని. కావలివాడు లేని మొక్కలో ఆ లాలాజలపు ప్రోటీన్ మొక్క రక్షణని నిద్రపుచ్చుతుంది. కావలివాడున్న మొక్కలో అదే ప్రోటీన్ గంట మోగిస్తుంది. ఇంకో విశేషం ఏమిటంటే, గంట మోగుతూనే ఉంటే మొక్క ఎదగదు, గింజ తగ్గుతుంది. అందుకని మొక్కలోనే మూడో పాత్ర ఒకటి ఉంది. అది లాలాజలపు ప్రోటీన్‌ని చెత్తలా ఊడ్చేసి గంటని ఆపుతుంది. దోమ ఉన్నంతసేపే జ్వరం, పోగానే చల్లదనం. వైద్యంలో మాకు తెలిసిన నీతి కూడా ఇదే. శరీరం శత్రువుతో పోరాడటం ఎంత అవసరమో పోరాటం ఆపడం కూడా అంతే అవసరం. ఆపలేకపోతే అదే కొత్త జబ్బు.

రక్షణకి ఖరీదు ఉంటుందనడానికి ఒమాన్‌లో పనిచేసే వైద్యుడికి వేరే సాక్ష్యం అక్కరలేదు. ఇక్కడి జనాభాలో నూటికి ఆరుగురిలో సికిల్ సెల్ జన్యువు ఒక ప్రతి ఉంటుంది. ఒక్క ప్రతి ఉన్నవాళ్ళకి తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన బిడ్డకి జీవితాంతం నొప్పులు, రక్తహీనత. మలేరియా ఈ దేశాన్ని పీడించిన రోజుల్లో ఆ జన్యువు నిలబడింది. 1991లో మొదలైన నిర్మూలన కార్యక్రమంతో మలేరియా దాదాపు పోయింది, జన్యువు మాత్రం మిగిలింది. మన అల్లూరి, ఆదిలాబాద్ ఏజెన్సీల్లోని గిరిజనుల కథ కూడా ఇలాంటిదే. దోమ వేరు, వరిదోమ వేరు; కానీ ప్రకృతి పద్దు రాసే తీరు ఒక్కటే.

ఒక్క జన్యువుని నమ్ముకోవద్దన్న పాఠం కూడా మాకు పాతదే. క్షయకి ఒకే మందు ఇచ్చిన కాలంలో నెలల్లోనే క్రిమి దానికి లొంగకుండా పోయేది. ఇప్పుడు నాలుగు మందులు కలిపి మొదలుపెడతాం. నాలుగింటినీ ఒకేసారి దాటగల క్రిమి పుట్టడం కష్టం. వరిలో కూడా ఇప్పుడు అదే చేస్తున్నారు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204, మనందరి నోటికి అమృతం. కానీ పురుగులకీ తెగుళ్ళకీ కూడా అమృతమే. ఎండాకు తెగులు కోసం హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి., రాజేంద్రనగర్ వరి పరిశోధనాలయం కలిసి మూడు రక్షణ జన్యువుల్ని దానిలో ఒకదాని పక్కన ఒకటి చేర్చాయి. రుచి చెడకుండా, గింజ లావెక్కకుండా, డి.ఎన్.ఏ. గుర్తుల సాయంతో చేసిన ఎంపిక అది. ఆ మెరుగుపరిచిన సాంబ మసూరి 2008లో బయటికొచ్చింది. అది పురుగు కోసం కాదు, తెగులు కోసం. అయినా దారి అదే.

ఇదంతా మనకెందుకు, మనం బస్తా కొనుక్కుని తినేవాళ్ళమే కదా అని మీరు అనవచ్చు. నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది.

హౌస్‌సర్జన్‌గా ఉన్న ఏడాది నేను రాత్రి డ్యూటీల్లో ఎక్కువగా ఎక్కించిన మందు అట్రోపిన్. పురుగుమందు తాగినవాళ్ళని ఆటోల్లో తెచ్చేవారు. బట్టల నిండా వాసన, నోట్లో నురగ, కనుపాపలు సూదిమొనంత. ఛాతీలో గరగర తగ్గేదాకా అట్రోపిన్ ఇస్తూ పక్కనే కూర్చునేవాళ్ళం. కొందరు బతికేవారు. బతికినవాళ్ళని అడిగితే చాలామంది ఒకటే చెప్పేవారు: చావాలని పెద్దగా ఆలోచించలేదు, ఏదో మాట వచ్చింది, గూట్లో డబ్బా కనబడింది. ఆ డబ్బా గూట్లో ఎందుకుంది? పొలానికి పురుగు పట్టింది గనక. తాగినవాడు ఎప్పుడూ అప్పుపడ్డ రైతే కాదు. పరీక్ష తప్పిన కూతురు, కోపగించుకున్న కోడలు, తాగొచ్చిన కొడుకు.

శ్రీలంకలో 1995 నుంచి అతి విషపూరితమైన పురుగుమందుల్ని ఒకదాని తరవాత ఒకటి నిషేధించారు. పదేళ్ళలో ఆ దేశపు ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. అక్కడి జనం కష్టాలు సగమయ్యాయా? కాలేదు. చేతికందే విషం తగ్గింది. ఇక పొలం సంగతి: 1986లో ఇండొనేషియా అధ్యక్షుడు సుహార్తో వరి మీద చల్లే 57 పురుగుమందుల్ని ఒక్క ఉత్తర్వుతో ఆపేశాడు. కారణం ఏమిటంటే, ఆ మందులు సుడిదోమని చంపడం కన్నా దాన్ని తినే సాలీళ్ళనీ, మిత్రపురుగుల్నీ ఎక్కువగా చంపి దోమనే పెంచుతున్నాయని తేలింది. కాబట్టి విత్తనంలోనే రక్షణ ఉండటమంటే దిగుబడి లెక్క ఒక్కటే కాదు. చల్లవలసిన మందు తగ్గితే గూట్లో డబ్బా ఉండదు. ఒక వరి జన్యువుకి ఇంత ఉపయోగం ఉందని మా వైద్య పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు.

మళ్ళీ తోటలోకి వద్దాం. ఖర్జూరానికి ఇలాంటి విత్తనం ఎందుకు తయారుచెయ్యరని నాకు సందేహం వచ్చింది. చెట్టు తీరే దానికి జవాబు. గింజ నాటితే మొలిచిన వాటిలో సగం మగవే అవుతాయి. ఏది ఏదో తెలియాలంటే ఏళ్ళు పడుతుంది. తల్లి రుచి బిడ్డకి రాదు. అందుకని రైతు మంచి చెట్టు మొదట్లో లేచిన పిలకని తవ్వి నాటుతాడు. అంటే ఖలాస్ అన్న పేరుతో ఉన్న చెట్లన్నీ ఒకే చెట్టు ముక్కలు. వరిలో సంకరం చేస్తే నాలుగు నెలల్లో తరవాతి తరం చూడవచ్చు. ఖర్జూరంలో ఒక తరం చూడటానికి ఒక పిల్లవాడు బడికెళ్ళేంత వయసు రావాలి. వరి విత్తనంలో మనకి దొరికిన అవకాశం ఎంత అరుదైనదో ఈ చెట్టు కింద నిలబడితే తెలుస్తుంది.

అయితే పాత తోటల్లో ఇంకో తెలివి ఉంది. మన జగిత్యాల ఆయన వేలితో చూపిస్తూ పోయాడు. "అది నఘాల్, ముందుగాల పండుతది. గిది ఫర్ద్. గది ఖసబ్, ఆఖరికొస్తది. ఆ పక్కదు ఖునైజీ. అర్బాబ్‌ని ఒక్క రకమే పెట్టకపోతివి అని అడిగిన. మా తాత ఒక్క కొమ్మ మీద ఇల్లు కట్టలే అన్నడు సార్" అన్నాడు. ఒక రకం చెడినా ఇంకోటి ఉంటుంది. ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో కూడా ఒమాన్ చూసింది. బాతినా తీరంలో నిమ్మతోటలు పేరుపొందినవి. ఇక్కడి ఎండు నిమ్మకాయని మీరంతా కూరల్లో చూసే ఉంటారు. 1970లలో ఆ చెట్లకి కొమ్మలు చీపురుకట్టల్లా గుబురెక్కి ఎండిపోయే తెగులు పట్టింది. ఆకుల రసం పీల్చే ఒక చిన్న పురుగు దాన్ని మోసుకు తిరుగుతుందని తరవాత గుర్తించారు. ఆ నిమ్మలో తట్టుకునే గుణం లేదు. వేలకి వేలు చెట్లు పోయాయి. పక్కనే ఉన్న నారింజ, కమలా చెట్లకి అలా జరగలేదు.

అందుకని నాకు తోచింది ఇది. పురుగుని తట్టుకునే గుణం ఒకసారి సంపాదించి బీరువాలో పెట్టుకునే నగ కాదు. వాడుతున్నకొద్దీ అరిగే పనిముట్టు. ఫల్గుణ అరిగింది, ఐ.ఆర్. 26 అరిగింది, రేపటిది కూడా అరుగుతుంది. తరవాతి పనిముట్టు ఎక్కడి నుంచి రావాలి? ఈశ్వరకోర లాంటి, ముడ్గో లాంటి, అంగట్లో ఎవరూ అడగని పాత వరుల్లోంచి. అవి మిగిలి ఉండాలంటే ఎవరో ఒకరు వాటిని వేస్తూ ఉండాలి, విత్తన భాండాగారాల్లో మొలకెత్తే స్థితిలో దాచాలి, ఊరంతా ఒకే సన్నరకం వెయ్యకుండా ఉండాలి. ఊళ్ళో భూమి కౌలుకిచ్చి ఇక్కడికి వచ్చినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. ఫోనులో కౌలు డబ్బు గురించే కాకుండా ఈ ఏడు ఏ రకం వేశారు, పక్క పొలంలో ఏది వేశారు, ఎన్నిసార్లు మందు కొట్టారు, మిగిలిన డబ్బా ఎక్కడ పెట్టారు అని కూడా అడగండి. ఆ డబ్బాకి ఒక పెట్టె, పెట్టెకి ఒక తాళం కొనిపెట్టండి. వైద్యుడిగా ఇది నా మనవి.

ఇక వెళ్ళేవారికి నాలుగు మాటలు. మస్కట్ నుంచి బిర్కత్ అల్ మౌజ్‌కి గంటన్నర ప్రయాణం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా హాయిగా తిరగవచ్చు. పాత మట్టి ఇళ్ళ దిబ్బ మీదికి ఎక్కితే తోట మొత్తం పచ్చటి దుప్పటిలా కనిపిస్తుంది. ఫలజ్ నీళ్ళలో పిల్లల్ని కాళ్ళు పెట్టనివ్వవచ్చుగానీ, సబ్బులూ తిండి కాగితాలూ వెయ్యవద్దు. కింద ఎవరో తోట తడుపుకుంటూ ఉంటారు. తోటల్లోకి అడిగి వెళ్ళండి, కాదనేవాళ్ళు తక్కువ. ఖర్జూరం, కహ్వా ఇస్తే కుడిచేత్తో పుచ్చుకోండి. కహ్వా చాలనుకుంటే చిన్న గిన్నెని కాస్త ఊపితే సరి, లేకపోతే పోస్తూనే ఉంటారు. వసంతంలో వెళితే మాత్రం కారు ఖర్జూరపు చెట్టు కింద పెట్టకండి. పెట్టి జిగురు పడితే విసుక్కోకుండా ఒకసారి తల ఎత్తి చూడండి. మన సుడిదోమ చుట్టం అక్కడ ఉంటుంది.